పని వచ్చినవాడే

మా ఉద్యోగాలు పోతున్నాయని చెప్పడానికి వచ్చినాయన పేరు నాకు ఇప్పటికీ తెలియదు. మా కరెంటు కంపెనీ హెడ్డాఫీసు నుంచి పంపారు. అమెరికాలో సరస్సు ఒడ్డునున్న మా ఈరీ ఊళ్ళో జనవరి మంచుకి ఏమాత్రం పనికిరాని పల్చటి బూట్లు వేసుకొచ్చాడు. క్యాంటీన్‌లో కుర్చీలన్నీ ఒకవైపు తిప్పించి మమ్మల్ని కూర్చోబెట్టాడు. కంట్రోల్ సిస్టమ్స్ పని మొత్తం బయటి కాంట్రాక్టు కంపెనీకి ఇచ్చేస్తున్నారట. వాళ్ళ ఇంజనీర్లు వచ్చే నెలలో దిగుతారట. వేసవిలోపు మాతో అవసరం తీరిపోతుందట. వచ్చేవాళ్ళకి పని నేర్పి వెళ్ళినవాళ్ళకి కొన్ని నెలల జీతం, ఏడాది ఆరోగ్య బీమా దక్కుతాయి. నేర్పనన్నవాళ్ళు ఆ రోజే వెళ్ళిపోవచ్చు.

"అంటే మా గొయ్యి మేమే తవ్వుకుంటే, పారకి అద్దె ఇస్తారన్నమాట," అన్నాడు వెనకనుంచి స్టాన్ కుజ్మా.

కొందరు నవ్వారు. వచ్చినాయన కూడా నవ్వబోయి ఆగిపోయాడు. స్టాన్ లేచి కోటు తొడుక్కున్నాడు. తన కాఫీ కప్పు కడిగి, తుడిచి, జేబులో పెట్టుకున్నాడు. తోడు రాబోయిన సెక్యూరిటీ మనిషితో "దారి నాకు తెలుసులేవయ్యా, ఈ తలుపు పెట్టిన రోజు కూడా నేనిక్కడే ఉన్నాను" అని వెళ్ళిపోయాడు.

రే డొంబ్రోవ్‌స్కీ మాత్రం లేవలేదు. బల్లమీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

రే, స్టాన్ ఒకే వీధిలో పెరిగారు, ఒకే బడిలో చదివారు, ఒకే వారంలో మా కరెంటు కంపెనీలో చేరారు. నేను వాళ్ళ తర్వాత వచ్చాను. రే రాసిన ప్రోగ్రాములని లైన్ల మీదికి వదిలే ముందు పరీక్షించడం నా పని. సరస్సు మీంచి గాలి వీచి, తీగలకి మంచు గడ్డకట్టి, ఎక్కడో ఒక లైను తెగిందనుకోండి, కరెంటుని ఏ దారిన మళ్ళించాలో, ఏ భాగాన్ని వదిలేస్తే మిగతాది నిలబడుతుందో రెప్పపాటులో తేల్చే వ్యవస్థ ఒకటుంది. దాన్ని సగం రాసినవాడు, మొత్తం కాపాడుకొచ్చినవాడు రే. ఊళ్ళో ఎవరికీ ఆ సంగతి తెలియదు. కరెంటు పోకపోతే ఎవరి వల్ల పోలేదని ఎవరు అడుగుతారు?

ఆ సాయంత్రం పార్కింగ్‌లో ఇద్దరం కార్ల మీద మంచు దులుపుకుంటున్నాం.

"ఏం చేస్తావు రే?" అన్నాను.

"నేర్పుతాను. బెత్‌కి ఇంకో సెమిస్టరు చదువు మిగిలింది."

"స్టాన్ ఊరుకుంటాడా?"

"ఊరుకోడు. అనాల్సినవన్నీ అంటాడు," అన్నాడు, అద్దం గీకుతూనే.

బెత్ అతని ఒక్కగానొక్క కూతురు. తల్లి ఆ పిల్ల చిన్నప్పుడే విడాకులు తీసుకుని అరిజోనా వెళ్ళిపోయింది. బడికి సెలవైతే కూతుర్ని మా ఆఫీసుకి తెచ్చి నా పక్క కుర్చీలో కూర్చోబెట్టేవాడు. ఆ పిల్ల ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరిన రోజున డిపార్ట్‌మెంటంతటికీ మిఠాయి పంచాడు. ఇప్పుడు ఆ పిల్లే భోజనాల దగ్గర "నాన్నా, చదువైపోయాక వేరే రంగానికి మారిపోనా? ఇంకా ఆలస్యం కాలేదు" అని అడిగిందట. "ముందు అన్నం తిను" అన్నానని రే నాతో చెప్పుకున్నాడు.

*

రేకి అప్పగించిన మనిషి ఆర్నెల్ మగ్‌బనువా. ఫిలిప్పీన్స్‌లో ఇలొయిలో అనే ఊరివాడు. నలభైకి దగ్గరపడ్డ వయసు, పొట్టిగా గట్టిగా ఉండే మనిషి. ఒకదానిమీద ఒకటి రెండు స్వెటర్లు వేసుకునేవాడు. వీసా కాంట్రాక్టు కంపెనీది, కూర్చునేది మా దగ్గర.

మొదటి రోజుల్లో రే అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పేవాడు. ఒక్క ముక్క ఎక్కువ చెప్పేవాడు కాదు. ఆర్నెల్ అడగాల్సినవే అడుగుతున్నాడని నాకు పక్కనుంచి వినపడుతూనే ఉండేది. తుఫాన్ల దేశంలో పదేళ్ళకి పైగా ఇదే పని చేసి వచ్చాడు. కాసేపటికి రే తనకి తెలియకుండానే కుర్చీ తిప్పుకుని, చేతులాడిస్తూ వివరించడం మొదలుపెట్టేవాడు. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు తెరవైపు తిరిగిపోయేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఆర్నెల్ మర్యాదకి అడిగాడు. "సర్, రిటైరయ్యాక ఏం చేద్దామనుకుంటున్నారు? చేపలు పడతారా?"

రే తల తిప్పాడు. "నేను రిటైరవుతున్నానని నీకెవరు చెప్పారు?"

"మావాళ్ళు సర్. ఇక్కడ పెద్దవాళ్ళంతా రిటైరైపోతున్నారు, వాళ్ళ చోట్లోకి మనుషులు దొరకడం లేదు, అందుకే మమ్మల్ని పిలిచారు అన్నారు."

రే నావైపు చూశాడు. నేను చూపు తప్పించుకోలేకపోయాను. అతను ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు వినసొంపుగా లేదు. పక్క గదిలోంచి మనుషులు తొంగిచూశారు.

"నాయనా, మమ్మల్ని తీసేస్తున్నారు. నిన్ను కూర్చోబెట్టడానికి నన్ను లేపుతున్నారు. నీకు నేర్పినందుకే నాకు ఆ నాలుగు నెలల జీతమూ," అన్నాడు.

ఆర్నెల్ మొహంలో రంగు మారింది. నా బల్ల వైపు, అవతలి బల్లల వైపు చూశాడు. అందరి వయసులూ, గోడల మీది పిల్లల ఫొటోలూ అప్పుడే కొత్తగా కనిపించినట్టున్నాయి.

"నాకు తెలియదు సర్," అన్నాడు. కుర్చీ వెనక్కి జరుపుకుని, "తెలిసినా వచ్చేవాణ్ణేమో. అబద్ధమెందుకు?" అన్నాడు.

ఆ రెండో మాట రేకి నచ్చింది. ఇంటికి వెళ్ళేటప్పుడు నాతో ఆ మాటే అన్నాడు. "మొదటిది ఎవడైనా అంటాడు లొరెయిన్. రెండోది అనడానికి ధైర్యం ఉండాలి." ఆ తర్వాత నేర్పడంలో ఏమీ దాచుకోలేదు. మధ్యాహ్నం భోజనం కూడా కలిసే తినేవారు. సర్ అనొద్దని రే ఎన్నిసార్లు చెప్పినా ఆర్నెల్ "అలాగే సర్" అనేవాడు.

*

ఈస్టరుకి ముందు నలభై రోజుల తపస్సుకాలం మొదలైంది. మా పారిష్ చర్చిలో, మాంసం తినకూడని ఆ శుక్రవారాల సాయంత్రాలు, కింది హాల్లో చేపల విందు పెడతాం. సరస్సులో పట్టిన పెర్చ్ చేపల వేపుడు, క్యాబేజీ తరుగు, బంగాళాదుంప కూరి ఉడికించిన పియరోగీలు. పియరోగీల దగ్గర గరిటె నాది. తలుపు పక్క బల్ల స్టాన్‌ది. ఆ ఏడాది ఆ బల్ల చుట్టూ ఉద్యోగాలు పోయినవాళ్ళూ, పోబోతున్నవాళ్ళూ కూర్చునేవారు. ఇల్లు అమ్మకానికి పెట్టినవాడి గురించి, కొలంబస్‌లో ఇంటర్వ్యూకి వెళ్ళి వయసు చూసి వెనక్కి పంపిస్తే వచ్చేసినవాడి గురించి మాట్లాడుకునేవారు.

అక్కడికి ఆర్నెల్ భార్య లీజల్‌నీ, బడి యూనిఫారం ఇంకా విప్పని కూతుర్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళూ కాథలిక్కులే. ఆదివారం పూజకి వెనక బెంచీలో కూర్చుంటున్నారని అప్పటిదాకా ఎవరం గమనించనే లేదు.

ట్రేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. స్టాన్ గొంతు హాలంతా వినపడింది.

"చూశార్రా, ఉద్యోగాలు అయిపోయాయి, ఇక చేపల మీద పడ్డాడు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆర్నెల్ కదలకుండా నిలబడ్డాడు.

"ఏమయ్యా, పర్వాలేదు, తిను. ఫోర్కు పట్టుకోవడం కూడా రేనే వచ్చి నేర్పాలా?"

జవాబు లీజల్ ఇచ్చింది. గొంతు పెంచలేదు. "మా ఇళ్ళల్లో చేప చేత్తోనే తింటామండీ. ముల్లు ఎక్కడుందో వేలికి తెలుస్తుంది, గొంతులో గుచ్చుకోదు."

ఈసారి నవ్వింది స్టాన్ బల్ల దగ్గరివాళ్ళే. స్టాన్ చెవులు ఎర్రబడ్డాయి. సరిగ్గా అప్పుడే రే ప్లేటు పట్టుకుని వరసలోంచి బయటికి వచ్చాడు. ఒకవైపు స్టాన్, ఒకవైపు వాళ్ళు. అతను ఎటు వెళ్తాడా అని అందరం చూశాం. రే వెళ్ళి స్టాన్ పక్కన కూర్చున్నాడు. ఎన్నో ఏళ్ళుగా కూర్చుంటున్న చోటే అది. ఆర్నెల్ వాళ్ళు పియానో పక్క ఖాళీ బల్ల దగ్గర కూర్చున్నారు. తర్వాత ఫాదర్ వెళ్ళి వాళ్ళతో కూర్చుని, ఆ పిల్లని బడి గురించి అడుగుతూ భోంచేశాడు. రే ప్లేటు మాత్రం అలాగే వెనక్కి వచ్చింది.

సోమవారం ఆర్నెల్ ఎప్పటిలాగే "గుడ్ మార్నింగ్ సర్" అన్నాడు.

"శుక్రవారం సంగతి..." అని మొదలుపెట్టాడు రే.

"ఆయన మీ స్నేహితుడు సర్. మీ చోట నేనున్నా అక్కడే కూర్చునేవాణ్ణి."

ఆ రోజు పెద్ద మంచు పడింది. బస్సులు ఆగిపోతే ఆర్నెల్‌ని రే తన కారులో దింపాడు. దారిలో కార్లన్నీ నిలిచిపోయిన చోట, హీటరు మోతలో, ఆర్నెల్ తన సంగతులు చెప్పాడట. లీజల్ అక్కడ పెద్దాసుపత్రిలో నర్సు. ఇక్కడ ఆమె వీసా మీద ఉద్యోగం చేయకూడదు. మా ఊరి ఆసుపత్రి బయట నర్సులు కావాలని బోర్డు వేలాడుతుంటే, రోజూ దాని ముందునుంచే పిల్లని బడికి తీసుకెళ్తుంది. ఆర్నెల్ అనుభవాన్ని కాగితాల మీద కంపెనీ లెక్కలోకే తీసుకోలేదు, కొత్తగా కాలేజీ నుంచి వచ్చినవాడి కింద రాసి ఆ జీతమే ఇస్తోంది. మధ్యలో మానేస్తే జరిమానా కట్టాలని వచ్చేముందే సంతకం పెట్టించుకుంది. వాళ్ళు తీసేస్తే రెండు నెలల్లో ఇంకో కంపెనీ వెతుక్కోవాలి, దొరక్కపోతే దేశం వదిలిపోవాలి.

"మరెందుకు ఊరుకున్నావు?" అని రే అడిగాడట.

"ఎవరికి చెప్పుకోను సర్? ఇది మీకే చెప్తున్నాను. మీ దగ్గరే ఉండనివ్వండి."

*

ఈలోగా స్టాన్ ఊరికే కూర్చోలేదు. పేపర్లకి రాశాడు, యూనియన్ వాళ్ళని కలిశాడు, దేశ చట్టసభకి మేం ఎన్నుకున్న కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు గుమ్మం ఎక్కి దిగాడు. చివరికి మా కోర్టు భవనంలోనే బహిరంగ విచారణ పెట్టడానికి ఒప్పించాడు. విదేశీ వీసాల వల్ల ఇక్కడి ఇంజనీర్ల ఉద్యోగాలు పోతున్నాయా లేదా అన్నది విషయం. అక్కడ సాక్ష్యం చెప్పడానికి స్టాన్ ఎంచుకున్న మనిషి రే. మిగతావాళ్ళలో చాలామంది కంపెనీ గురించి చెడుగా మాట్లాడబోమని సంతకాలు పెట్టి ఉన్నారు, భయపడ్డారు. కాంగ్రెస్ ముందు చెప్పిన మాటకి ఎవరూ శిక్ష వేయలేరని స్టాన్ పెట్టుకున్న లాయరు చెప్పినా వాళ్ళు రాలేదు.

విచారణకి ముందు ఒక సాయంత్రం స్టాన్ గ్యారేజీలో మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. లాయరమ్మ పిట్స్‌బర్గ్ నుంచి వచ్చింది. చురుకైన మనిషి, చుట్టుతిప్పుడు లేదు.

"ఆ వీసా ప్రత్యేక నైపుణ్యం ఉన్నవాళ్ళకి మాత్రమే. వచ్చినవాళ్ళకి ఆ నైపుణ్యం లేదని, మీరే దగ్గరుండి అక్షరాభ్యాసం చేయించారని చెప్పండి చాలు. పేపర్లు దాన్నే పట్టుకుంటాయి," అంది.

"లొరెయిన్‌కి అంటగట్టిన కుర్రాణ్ణి చూడు," అన్నాడు స్టాన్. "సబ్‌స్టేషన్ అంటే ఏమిటో ఇక్కడికొచ్చాకే తెలిసింది వాడికి. అవునా కాదా లొరెయిన్?"

అది నిజమే. ఆ అబ్బాయికి నెలన్నర శిక్షణ ఇచ్చి ఇక్కడికి విమానం ఎక్కించారు. పాపం, రోజూ భయపడుతూనే కూర్చునేవాడు. అవునన్నాను.

"ఆర్నెల్‌కి మాత్రం పని వచ్చు," అన్నాడు రే.

"ఒక్కడికి వచ్చినంత మాత్రాన అందరికీ వచ్చినట్టేనా? నువ్వు అతని పేరెత్తకు. అంతే."

"నన్ను అడిగేది నేను నేర్పిన మనిషి గురించే కదరా?"

"అడిగితే మింగెయ్యి. నీకు మాటలు మింగడం కొత్తా?" అన్నాడు స్టాన్. అది చేపల విందు నాటి సంగతి ఒక్కటే కాదు, ఇద్దరి మధ్యా ఏళ్ళ తరబడి మిగిలిపోయిన సంగతులు. రే లేచి వెళ్ళిపోయాడు. అయినా సాక్ష్యం చెప్పనని మాత్రం అనలేదు.

విచారణ రోజు కోర్టు భవనంలో మేడమీది హాలు నిండిపోయింది. గోడవార కూడా జనం నిలబడ్డారు. బెత్ ఆ రోజు కాలేజీ ఎగ్గొట్టి వచ్చి నా పక్కన కూర్చుంది. కంపెనీ తరఫున వచ్చినావిడ నైపుణ్యాల కొరత గురించి చక్కగా మాట్లాడింది. కొరత అనే మాట వచ్చినప్పుడల్లా వెనకనుంచి ఎవరో దగ్గుతున్నారు. తర్వాత స్టాన్ మాట్లాడాడు. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత రే.

పెళ్ళికి కుట్టించుకున్న సూటు అది, భుజాల దగ్గర బిగిసింది. తన పేరు, చేసిన పని చెప్పాడు. కాంగ్రెస్ సభ్యుడు ముందుకి వంగాడు.

"డొంబ్రోవ్‌స్కీ గారూ, సూటిగా అడుగుతాను. మీరు నేర్పిన వ్యక్తికి ఈ పని రాదు. అవునా, కాదా?"

రే గ్లాసు అందుకుని నీళ్ళు తాగాడు. స్టాన్ కుర్చీ అంచుకి జరిగాడు.

"వచ్చు సార్," అన్నాడు రే.

హాల్లో ఎవరో అయ్యో అన్నారు.

"బాగా వచ్చు. కొన్ని విషయాలు నాకంటే బాగా వచ్చు. నేను చెప్పదలుచుకున్నది అదే. పని రానివాణ్ణి తెచ్చి ఉంటే ఇది ఒట్టి తెలివితక్కువతనం అయ్యేది. ఇక్కడ మనుషులు దొరకలేదని చెప్పి తెచ్చారు. నేను దొరకలేదా సార్? ముప్పై ఏళ్ళుగా అదే కుర్చీలో ఉన్నాను కదా! పదేళ్ళ అనుభవం ఉన్న ఇంజనీరుని తెచ్చి, నిన్న కాలేజీ నుంచి వచ్చినవాడి జీతం ఇస్తున్నారు. మానేస్తానంటే జరిమానా. ఇల్లాలు పని చేయకూడదు. అతను ఎక్కడికీ పోలేడు కాబట్టి అతను కావాలి వాళ్ళకి. నేను కావాలంటే పోగలను కాబట్టి నేను అక్కర్లేదు. అతని కాళ్ళ కట్లు విప్పండి, నాకిచ్చిన జీతమే ఇమ్మనండి, అప్పుడు నాతో పోటీ పడమనండి. ఓడిపోతే నేనే లేచి తలుపు తీస్తాను."

బెత్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చప్పట్లు రాలేదు. కాంగ్రెస్ సభ్యుడు ధన్యవాదాలు చెప్పి తర్వాతి పేరు పిలిచాడు.

బయట వరండాలో స్టాన్ ఎదురుచూస్తున్నాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"రాదు. రెండక్షరాలురా. నీ నోటికి అంత బరువయ్యాయా?"

"వచ్చినవాణ్ణి రాదని ఎలా అననురా?"

"మరి నాకు? నాకు పని రాదా? నా గురించి ఎవడు చెప్తాడు ఆ మాట?" అన్నాడు స్టాన్. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. రే వెనకే రెండడుగులు వేసి ఆగాడు.

మర్నాడు పేపర్లో పెద్దక్షరాలతో వచ్చింది: కొత్తగా వచ్చినవాళ్ళే మేలంటున్న పాత ఇంజనీరు. కంపెనీ ఆ ముక్క కత్తిరించి తన ప్రకటనలో పెట్టుకుంది. కట్ల గురించి, జీతం గురించి చెప్పింది వాటిలో ఎక్కడా లేదు.

అయితే విచారణ రికార్డులో అంతా ఉంది, దాన్ని చదవాల్సినవాళ్ళు చదివారు. రే ఎవరి పేరూ చెప్పలేదు. కానీ రే దగ్గర పని నేర్చుకున్నవాడు, పదేళ్ళ అనుభవం ఉన్నవాడు, పెళ్ళాం ఇంట్లో కూర్చున్నవాడు ఎవరో కాంట్రాక్టు కంపెనీకి తెలియదా? ఆ వారంలోనే ఒక ఉదయం ఆర్నెల్ కార్డు గీస్తే గేటు తెరుచుకోలేదు. మళ్ళీ గీశాడు. వెనక వరస పెరిగిపోతుంటే పక్కకి జరిగి, అందరికీ దారిచ్చి నిలబడ్డాడు. రే లోపలినుంచి చూశాడు. పరుగెత్తుకుంటూ వచ్చి సెక్యూరిటీ మనిషిని నిలదీశాడు. "నాకేం తెలుసు రే, పొద్దున లిస్టులో పేరు లేదు," అన్నాడతను.

*

ఆర్నెల్ ఇంటికి ఒక్కడే వెళ్ళడానికి మనసొప్పక రే నన్ను తోడు రమ్మన్నాడు. ఆర్నెల్ వాళ్ళు పీచ్ వీధిలో షాపుల వెనక చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు. తలుపు లీజల్ తీసింది. ఆమె వెనక ముందుగదిలో పెట్టెలు తెరిచి ఉన్నాయి. ఆర్నెల్ నేలమీద కూర్చుని పిల్ల బొమ్మలు సర్దుతున్నాడు.

"కూర్చోండి సర్," అంటూ లేచాడు.

"కూర్చోబెట్టకు," అంది లీజల్. గుమ్మంలోంచి కదల్లేదు. "సర్, మీరు మంచివారని ఈయన రోజూ చెప్పేవాడు. మంచివారే కావచ్చు. మీరు అక్కడ నిలబడి నిజం చెప్పారు. మా నిజం అది. ఈయన మీకు దాచమని ఇచ్చాడు, ఖర్చుపెట్టుకోమని ఇవ్వలేదు."

"నేను పేరు చెప్పలేదమ్మా," అన్నాడు రే.

"పేరు తప్ప అన్నీ చెప్పారు. నేనింట్లో ఉంటానన్నది కూడా."

ఆర్నెల్ వచ్చి భార్య భుజం మీద చెయ్యి వేశాడు.

"మీరు అన్నదాంట్లో అబద్ధం లేదు సర్. నన్నొక మాట అడిగి ఉంటే బాగుండేది."

"అడిగితే వద్దనేవాడివి."

"అవును సర్. వద్దనేవాణ్ణి," అన్నాడు ఆర్నెల్.

తెలిసినచోట్లన్నిటికీ ఫోన్ చేస్తానని, ఒహాయోలో ఒక కరెంటు కంపెనీలో తన పాత మిత్రుడున్నాడని రే అన్నాడు. చేశాడు కూడా. ఇంకో వీసా కాగితాలు పెట్టడానికి గడువులోపు ఎవరూ ఒప్పుకోలేదు. వసంతం చివర్లో వాళ్ళు ఇలొయిలో వెళ్ళిపోయారు. లీజల్‌కి తర్వాత న్యూజిలాండ్‌లో నర్సు ఉద్యోగం వచ్చిందని, అందరూ అక్కడికి మారారని ఫాదర్ చెప్పగా విన్నాను. రే అప్పుడప్పుడూ ఆర్నెల్‌కి ఉత్తరం రాస్తాడు. జవాబు వస్తుంది, మర్యాదగా, పొట్టిగా.

మా చివరి రోజు కూడా వచ్చింది. నాకు ఊరి బడి ఆఫీసులో పని దొరికింది. స్టాన్ ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో యంత్రాలు చూసుకునే ఉద్యోగంలో చేరాడు. పూజలో రే ఒకవైపు బెంచీలో, అతను ఇంకోవైపు బెంచీలో. శాంతి చెప్పుకుని చేతులు కలిపే సమయంలో కూడా ఒకరి దగ్గరికి ఒకరు వెళ్ళరు. రే కొన్నాళ్ళు గ్యారేజీలో ఏవో రిపేర్లు చేశాడు. కొన్నాళ్ళు ఏమీ చేయలేదు.

వేసవి నడిమధ్యలో, చదువు ముగించుకున్న బెత్‌కి కాంట్రాక్టు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. విచారణ రేపిన గొడవకి వాళ్ళు కొంతమంది స్థానికుల్ని తీసుకుంటామని ప్రకటించారు. ఖాళీ అయినది ఆర్నెల్ చోటు. జీతం కొత్తవాళ్ళకిచ్చేదే. ఆ కబురు విని నేను కేకు పట్టుకుని వెళ్ళాను. ఇంట్లోకి అడుగుపెట్టగానే కేకు తేవాల్సింది కాదని అర్థమైంది.

"వాళ్ళ దగ్గరా? ఊళ్ళో ఇంకెవరూ లేనట్టు వాళ్ళ దగ్గరా?" అంటున్నాడు రే.

"ఊళ్ళో ఇంకెవరున్నారో చెప్పు నాన్నా. నాకు నిజంగా తెలియదు." బెత్ సింకుకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "అది ఆయన కుర్చీ అని నాకు తెలుసు. దానికి ముందు నీది. నేను కూర్చోకపోతే అది మీ ఇద్దరిలో ఎవరికైనా తిరిగొస్తుందా?"

"నిన్ను చూపించి పేపర్లో ఫొటో వేసుకుంటారు."

"వేసుకోనీ. నాకు పని నేర్చుకోవాలనుంది. మొన్న చలికాలంలో మంచు తుఫాను నాడు కరెంటు నిలబడితే ఎందుకు నిలబడిందో ఈ ఊళ్ళో తెలిసినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? నాకు ఆ పని కావాలి."

"రేపు నిన్ను కూడా..."

"తీసేస్తారు. తెలుసు. లొరెయిన్ ఆంటీ, నువ్వైనా చెప్పు."

నన్ను లాగొద్దన్నాను. రే కిటికీ దగ్గరికి వెళ్ళి వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. నేను కేకు కోసి ప్లేట్లలో సర్దడం మొదలుపెట్టాను. అతను వెనక్కి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, కరెంటు బిల్లు వచ్చిన కవరు వెనక్కి తిప్పి పెన్సిలు తీశాడు.

"ఎప్పుడు చేరమన్నారు?"

"సోమవారం."

"కూర్చో అయితే." గీత గీశాడు, దానికి అడ్డంగా ఇంకొకటి. "ఇది సరస్సు వెంబడి పోయే లైను. గాలి పడమటి నుంచి వస్తే ముందు దెబ్బతినేది ఇక్కడ. అందరూ ఇది తెగగానే ఈ రెండో లైనుని కూడా ఆపేస్తారు. ఆపకూడదు. ఎందుకో చెప్పు."

బెత్ కూర్చుంది. కవరు తనవైపు లాక్కుని చూసింది. ఏదో చెప్పింది, తప్పు. మళ్ళీ చెప్పింది. రే ఓపిగ్గా ఇంకో బొమ్మ వేశాడు. అతని గొంతు ఎన్నో నెలల తర్వాత ఆఫీసులో ఉండేటట్టు ఉంది. కళ్ళు మాత్రం అలా లేవు. వాళ్ళకి కాఫీ పోసి, నేను బయల్దేరడానికి బ్యాగు తీసుకున్నాను.

"నాన్నా, ఆయనకి కూడా ఇది ఇన్నిసార్లు చెప్పావా?" అడిగింది బెత్ నా వెనక.

"లేదు," అన్నాడు రే. "అతనికి ఒకసారి చెప్తే సరిపోయింది."